లార్డ్ సచ్ ఎన్నికల చిట్టా: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ ఎన్నికల పాత వీడియోలు చూసే అలవాటుంటే ఈ మనిషి మీకు కనబడే ఉంటాడు. వేదిక మీద అభ్యర్థులంతా వరసగా నిలబడి ఉంటారు, అందరూ ముదురు రంగు సూట్లే, చావు ఇంట్లో ఉన్నట్టు మొహాలు. వాళ్ల మధ్య చిరుత మచ్చల కోటు, పొడుగు టోపీ, ఛాతీ మీద పళ్లెమంత రిబ్బన్ పువ్వు పెట్టుకుని నవ్వుతూ ఒకడు. ఎన్నికల అధికారి అందరి పేర్లలాగే ఆయన పేరూ గొంతులో ఏ మార్పూ లేకుండా చదువుతాడు, తర్వాత పార్టీ పేరు చదవాలి కదా, అక్కడికొచ్చేసరికి హాలంతా ఘొల్లుమంటుంది. ఆయనే స్క్రీమింగ్ లార్డ్ సచ్. ఆయన ఓట్ల లెక్కల మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఎవరీయన?

డేవిడ్ ఎడ్వర్డ్ సచ్. 1940 నవంబర్ 10న లండన్‌లో పుట్టాడు. వృత్తి రాక్ గాయకుడు, రాజకీయం తర్వాత అంటుకుంది. 1960ల మొదట్లో శవపేటికలోంచి లేచి పాట మొదలుపెట్టడం లాంటి వేషాలతో పేరు తెచ్చుకున్నాడు. బ్యాండ్ పేరు ‘ది సావేజెస్’. గాయకుడిగా చార్టుల్లో పెద్దగా నిలబడలేదు గానీ స్టేజీ మీద జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం తెలుసు, ఆ విద్యే ఎన్నికల్లోకీ తెచ్చాడు.

‘లార్డ్’ అంటే నిజంగా ప్రభువేనా?

కాదు, తనే పెట్టుకున్నాడు. ‘మూడో ఎర్ల్ ఆఫ్ హారో’ అని కూడా చెప్పుకునేవాడు, అదీ ఉత్తదే. తమాషా ఏంటంటే నిజంగా వంశపారంపర్య ప్రభువై ఉంటే ఆ రోజుల్లో దిగువ సభకి, అంటే హౌస్ ఆఫ్ కామన్స్‌కి ఎన్నికయ్యే వీలే ఉండేది కాదు. ఆ బిరుదు వదులుకునే అవకాశం ఇచ్చిన చట్టం 1963 జూలై చివర్లో వచ్చింది. సచ్ మొదటి పోటీ దానికి దాదాపు రెండు వారాల తర్వాత. అసలు ప్రభువులు బిరుదు వదిలేసి సభకి వెళ్దామని చూస్తున్న నెలలోనే ఈయన లేని బిరుదు తగిలించుకుని అదే సభకి బయల్దేరాడన్నమాట.

మొత్తం ఎన్నిసార్లు పోటీ చేశాడు? ఒక్కోచోట ఒక్కో సంఖ్య కనిపిస్తోంది.

1963 నుంచి 1997 దాకా దాదాపు 40. లెక్క తేడా రావడానికి ప్రధాన కారణం ఎలా లెక్కపెట్టాలన్నదే. 1992లో ఒకే రోజు మూడు నియోజకవర్గాల్లో నిలబడ్డాడు, దాన్ని కొందరు ఒక ఎన్నిక అంటారు, కొందరు మూడు ఓటములంటారు. నేనైతే మూడే అంటాను, ఎందుకంటే మూడు చోట్లా డిపాజిట్ కట్టాడు, మూడూ పోయాయి.

మొదటిసారి ఎక్కడ?

స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్, షేక్‌స్పియర్ పుట్టిన ఊరు. 1963 ఆగస్టు 15న ఉపఎన్నిక. యుద్ధశాఖ మంత్రిగా ఉన్న జాన్ ప్రొఫ్యూమో ఒక అమ్మాయితో సంబంధం విషయంలో పార్లమెంటుకి అబద్ధం చెప్పి దొరికిపోయి రాజీనామా చేయడంతో ఆ సీటు ఖాళీ అయింది. దేశంలోని పత్రికలన్నీ అక్కడే మకాం వేసిన ఎన్నిక అది. సచ్ వయసు 22. పార్టీ పేరు ‘నేషనల్ టీనేజ్ పార్టీ’, ప్రధాన డిమాండు 18 ఏళ్లకే ఓటు హక్కు. అప్పటికి అక్కడ ఓటు 21 ఏళ్లకి. అంటే ఏ కుర్రాళ్ల కోసం నిలబడ్డాడో వాళ్లలో ఒక్కరికీ ఆయనకి ఓటేసే హక్కు లేదు.

వచ్చిన ఓట్లు 209. ఐదుగురు పోటీ చేస్తే ఐదో స్థానం. గెలిచింది కన్సర్వేటివ్ అభ్యర్థి ఆంగస్ మౌడ్.

ఇంకో చిన్న సంగతి. అప్పట్లో బ్రిటన్ బ్యాలెట్ పేపరు మీద పార్టీ పేరు వేసేవాళ్లు కాదు. పేరు, చిరునామా, చేసే పని, అంతే. పార్టీ పేరో వివరణో ఆరు మాటలకి మించకుండా వేసుకోవచ్చని 1969 చట్టం చెప్పింది. కాబట్టి ఆ 209 మందీ ‘టీనేజ్ పార్టీ’ అన్న అక్షరాలు చూసి గుద్దినవాళ్లు కాదు, సచ్ అన్న పేరు గుర్తుపెట్టుకుని వెతికి మరీ వేసినవాళ్లు.

ఆ తర్వాత?

1966లో హైటన్, ప్రధాని హెరాల్డ్ విల్సన్ మీద: 585. 1970లో సిటీస్ ఆఫ్ లండన్ అండ్ వెస్ట్‌మిన్‌స్టర్: 142. 1974 ఫిబ్రవరిలో స్టాఫర్డ్ అండ్ స్టోన్, ఈసారి ‘గో టు బ్లేజెస్’ అనే పేరుతో: 351. తర్వాత తొమ్మిదేళ్లు పెద్దగా ఏమీ లేదు. అసలు చిట్టా 1983లో మొదలవుతుంది.

మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ ఎప్పుడొచ్చింది? ఆ పేరేంటి?

పూర్తి పేరు ‘అఫీషియల్ మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ’. అచ్చ తెలుగులో చెప్పాలంటే అధికారిక మహా పిచ్చోళ్ల పార్టీ. ఆ ‘అధికారిక’ అన్న మాట దగ్గరే నాకు ఎక్కువ నవ్వొస్తుంది, అసలు పిచ్చోళ్లం మేమే, మిగతావాళ్లు డూప్లికేట్ అన్నట్టు. నినాదం కూడా అదే ధోరణి: పిచ్చికే ఓటెయ్యండి, ఆలోచిస్తే మీకే సబబనిపిస్తుంది అని.

ఈ పేరుతో సచ్ మొదటిసారి దిగింది లండన్‌లోని బెర్మండ్సీ ఉపఎన్నికలో, 1983 ఫిబ్రవరి 24న. పదహారు మంది అభ్యర్థులు, 97 ఓట్లు. నెల తిరక్కుండానే డార్లింగ్టన్‌లో 374. అదే ఏడాది జూన్‌లో సార్వత్రిక ఎన్నికలు, జూలైలో పెన్‌రిత్ ఉపఎన్నిక. ఆరు నెలల్లో నాలుగుసార్లు ఓడిపోవాలంటే ఓపిక మామూలుగా ఉంటే చాలదు.

అన్నిటికంటే ఎక్కువ ఓట్లు ఎక్కడొచ్చాయి?

రోథరమ్ ఉపఎన్నిక, 1994 మే 5: 1,114 ఓట్లు, 4.2 శాతం. ఆయన జీవితంలో వెయ్యి దాటింది అక్కడే. ఇంకో రెండొందల పైచిలుకు వచ్చి ఉంటే 5 శాతం గీత దాటి డిపాజిట్ దక్కేది. ముప్పై ఏళ్ల పైన ఎన్నికలాడిన మనిషి గట్టెక్కడానికి అంత దగ్గరికొచ్చింది ఆ ఒక్కసారే.

దాని తర్వాత చెప్పుకోదగ్గవి ఈస్ట్‌లీ (1994, 783), లిటిల్‌బరో అండ్ సాడిల్‌వర్త్ (1995, 782), హంటింగ్డన్ (1992, 728).

అన్నిటికంటే తక్కువ?

1988 కెన్సింగ్టన్ ఉపఎన్నికలో 61. అరవై ఒకటి, పొరపాటున సున్నా రాలిపోలేదు. మన దగ్గరైతే ‘నోటా దరిదాపుల్లో కూడా లేడు’ అని స్క్రోలింగ్ వేసేవాళ్లు.

కానీ ఇది బ్రిటన్ రికార్డేం కాదు. ఆ రంగంలో సచ్‌ని మించిన మొనగాడు బిల్ బోక్స్ అనే మాజీ నౌకాదళ అధికారి, రోడ్డు భద్రత ఆయన పిచ్చి. 1982 గ్లాస్గో హిల్‌హెడ్ ఉపఎన్నికలో ఆయనకొచ్చినవి 5 ఓట్లు. అక్కడ నామినేషన్ వెయ్యాలంటే పది మంది ఓటర్లు సంతకం పెట్టాలి. అంటే సంతకం పెట్టినవాళ్లలోనే కనీసం సగం మంది ఆయనకి ఓటెయ్యలేదు! ఈ బోక్స్ గారే 1951లో ప్రధాని అట్లీ మీద నిలబడాలనుకుని, అట్లీది వాల్తమ్‌స్టో వెస్ట్ అయితే ఈయన వెళ్లి వాల్తమ్‌స్టో ఈస్ట్‌లో నామినేషన్ వేసి 174 ఓట్లు తెచ్చుకున్నాడు.

ఒకచోట వెయ్యి, ఒకచోట అరవై. ఈ తేడా ఎందుకు?

ఈ మొత్తంలో నాకు బాగా ఆసక్తిగా ఉన్నది ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను.

చాలామంది సచ్ ఓట్లని ఆయన పాపులారిటీ గ్రాఫ్‌లాగా చూస్తారు, 80ల్లో తక్కువ, 90ల్లో ఎక్కువ, జనం అలవాటుపడ్డారు అని. అందులో కొంత నిజం ఉంది. కానీ అంకెలు పక్కపక్కన పెట్టి ఆ సీటు ఎలాంటిదో కూడా రాసుకుంటే ఇంకోటి కనిపిస్తుంది. ఎవరు గెలుస్తారో పోలింగుకి ముందే అందరికీ తెలిసిన చోట ఆయనకి ఎక్కువ పడ్డాయి. పోటీ హోరాహోరీగా ఉన్న చోట ఆయన కొట్టుకుపోయాడు.

రోథరమ్ లేబర్ కంచుకోట, గాడిదని నిలబెట్టినా గెలిచే సీటు: 1,114. హెమ్స్‌వర్త్ (1996) కూడా అంతే, బొగ్గుగనుల ప్రాంతం: 652. హంటింగ్డన్‌లో ప్రధాని జాన్ మేజర్ ఓడిపోతాడని కలలో కూడా ఎవరూ అనుకోలేదు: 728. అటు కెన్సింగ్టన్ చూడండి, కన్సర్వేటివ్ అభ్యర్థి 815 ఓట్ల తేడాతో బయటపడిన సీటు: సచ్‌కి 61. ఫుల్‌హమ్ (1986), సీటు చేతులు మారిన ఎన్నిక: 134. గ్లాస్గో గోవన్ (1988), లేబర్ సీటుని స్కాటిష్ నేషనల్ పార్టీ ఎగరేసుకుపోయిన చోట: 174. బెర్మండ్సీలోనూ లేబర్ అభ్యర్థి పీటర్ టాచెల్ మీద ఏ స్థాయిలో బురద చల్లారంటే ఊరంతా రెండుగా చీలిపోయింది, జోకులకి ఎవరికీ తీరికలేదు: 97.

పెన్‌రిత్ లెక్క మొదట ఈ సూత్రానికి అడ్డొస్తుంది. అక్కడ కన్సర్వేటివ్ మెజారిటీ 552 మాత్రమే, అయినా సచ్‌కి 412 వచ్చాయి. కానీ నెలన్నర ముందు జరిగిన ఎన్నికలో అదే సీటులో ఆ పార్టీ మెజారిటీ 15 వేలు దాటింది. బూత్‌కి వెళ్లిన ఓటరుకి ఇది గట్టి సీటే అని లెక్క, ఓట్లు లెక్కపెట్టాక గానీ ఎంత దగ్గరికొచ్చిందో తెలియలేదు. ఒప్పుకోవలసిన మినహాయింపు లిటిల్‌బరో. నిజంగానే టఫ్ ఫైట్, లిబరల్ డెమోక్రాట్ రెండు వేలలోపు తేడాతో గెలిచాడు, అయినా 782. దానికి నా దగ్గర గొప్ప వివరణ లేదు, పోటీలో ముందున్న రెండు పార్టీలూ ఒకరినొకరు తెగ తిట్టుకున్న ప్రచారం అది, జనానికి విసుగొచ్చి ఉంటుంది.

మొత్తానికి ఆ ఓటు సచ్ మీద ప్రేమతో వేసింది కాదని నా అభిప్రాయం. నా ఓటుతో ఫలితం ఎలాగూ మారదు, మరి ఊరికే ఎందుకు పోనివ్వాలి అనుకున్నవాళ్ల ఓటు. బ్రిటన్ బ్యాలెట్‌లో నోటా లేదు. ఆ పని ఈయన టోపీ పెట్టుకుని చేశాడు.

డిపాజిట్ ఎప్పుడైనా దక్కిందా?

ఒక్కసారి కూడా లేదు.

రూల్స్ క్లుప్తంగా: 1918 నుంచి 150 పౌండ్లు, పోలై చెల్లిన ఓట్లలో ఎనిమిదో వంతు వస్తేనే వాపసు. 1985లో దాన్ని 500 పౌండ్లు చేసి, గీతని మాత్రం ఇరవయ్యో వంతుకి, అంటే 5 శాతానికి దించారు. మన దగ్గర ఆరో వంతు రావాలి, దాంతో పోలిస్తే వాళ్లది చాలా ఉదారమైన గీత. అయినా సచ్‌కి అందలేదు.

ఆ 500 పౌండ్ల పెంపు ఈయన వల్లేనా?

ఈయన ఒక్కడి వల్లే అంటే అతిశయోక్తి. 150 పౌండ్ల విలువ 1918లో ఒక సంపన్నుడి స్థాయి, 80లకొచ్చేసరికి ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది, ఎవరైనా కట్టేయొచ్చు. ఉపఎన్నికలకి జనం పోగయ్యారు, 1984 చెస్టర్‌ఫీల్డ్‌లో పదిహేడు మంది దిగారు (సచ్‌కి 178, గెలిచింది టోనీ బెన్). సరదా అభ్యర్థులని ఏరెయ్యాలని ప్రభుత్వం వెయ్యి పౌండ్లు అంది, చివరికి 500 దగ్గర ఆగింది. ఆ చర్చల్లో అందరి కళ్లముందూ మెదిలిన బొమ్మ మాత్రం సచ్‌దే.

పని చేసిందా అంటే పెద్దగా లేదు. 1993 న్యూబరీ ఉపఎన్నికలో పందొమ్మిది మంది పోటీ చేశారు. సచ్ కూడా ఉన్నాడు, 432 ఓట్లు.

ఓడిపోతానని తెలిసి అంత డబ్బెందుకు పోసుకున్నాడు?

పోసుకున్నాడనే అనుకుంటాం గానీ వ్యాపారంగా చూస్తే అంత పిచ్చి లెక్కేం కాదు. పార్లమెంటు అభ్యర్థి కరపత్రాన్ని నియోజకవర్గంలో ప్రతి ఓటరుకీ పోస్టాఫీసు ఉచితంగా పంచుతుంది, అది చట్టం ఇచ్చిన హక్కు. పైగా ఉపఎన్నిక అంటే దేశంలోని టీవీ కెమెరాలన్నీ ఒకే హాల్లో ఉంటాయి. గాయకుడిగా ప్రోగ్రాములు అమ్ముకునే మనిషికి 500 పౌండ్లకి అంత పబ్లిసిటీ ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ ప్రోగ్రాముల డబ్బే మళ్లీ డిపాజిట్లకి పోయేది. కానీ ఇది మాత్రమే కారణమైతే పదో ఓటమి దగ్గర ఆగిపోయి ఉండేవాడు. ఎక్కడో ఒకచోట సరదా కాస్తా అలవాటైంది, ఆ పైన ఆయన బతుకే అదైపోయింది.

ఎంతమంది ప్రధానుల మీద పోటీ చేశాడు?

పదవిలో ఉండగా ముగ్గురి మీద. హెరాల్డ్ విల్సన్ (హైటన్ 1966, 585), మార్గరెట్ థాచర్ (ఫించ్‌లీ 1983, 235), జాన్ మేజర్ (హంటింగ్డన్ 1992, 728). బ్రిటన్‌లో ప్రధాని కూడా తన సొంత నియోజకవర్గం ఫలితం వినడానికి వేదికెక్కి మిగతా అభ్యర్థులతోపాటు నిలబడటం ఆనవాయితీ. దేశమంతా చూసే ఆ ఫొటోలో తనూ ఉండాలనేదే సచ్ పథకం. థాచర్ మీద పోటీ చేసిన రోజు ఆమె పార్టీ భారీ మెజారిటీతో తిరిగి అధికారంలోకొచ్చింది, ఫించ్‌లీలో ఈయన వాటా 235.

1992లో మూడు చోట్ల పోటీ ఏమిటి? అది చెల్లుతుందా?

అప్పట్లో చెల్లేది. మూడు ప్రధాన పార్టీల నాయకులు ముగ్గురి మీదా ఒకే రోజు నిలబడ్డాడు: హంటింగ్డన్‌లో మేజర్ (728), ఇస్లూయిన్‌లో నీల్ కిన్నక్ (547), యోవిల్‌లో పాడీ యాష్‌డౌన్ (338). మొత్తం 1,613. ఏ నాయకుడి సీటులో జనం ఎక్కువ నవ్వారు అనే ఒక సర్వేలా ఉంటుంది ఇది. 2006 చట్టం తర్వాత అక్కడ ఒక ఎన్నికలో ఒక్క సీటుకే నిలబడాలి, కాబట్టి ఈ ఫీటు ఇప్పుడు ఎవరూ చెయ్యలేరు.

ఒక జాతీయ పార్టీని ఆయనే మూసేయించాడంటారు, నిజమా?

బూటిల్ ఉపఎన్నిక, 1990 మే 24. కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1981లో లేబర్ నుంచి విడిపోయిన నలుగురు పెద్ద నాయకులు సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. 1988లో ఎక్కువమంది వెళ్లి లిబరళ్లలో కలిసిపోయారు. డేవిడ్ ఓవెన్ మాత్రం కలవనని భీష్మించి ఇద్దరు ఎంపీలతో అదే పేరు మీద పార్టీని కొనసాగించాడు. 1989 ఫిబ్రవరిలో యార్క్‌షైర్ రిచ్‌మండ్‌లో వాళ్ల అభ్యర్థి 16,909 ఓట్లతో రెండో స్థానానికొచ్చాడు, విలియం హేగ్ అనే కుర్రాడికి చెమటలు పట్టించాడు. అదే ఎన్నికలో సచ్‌కి 167.

పదిహేను నెలలు గడిచాక బూటిల్. ఊరు వేరు, లేబర్ పార్టీ కోట, ఎవరికీ పెద్ద ఆశల్లేవు. ఫలితాలు చదివారు. సచ్ 418. ఓవెన్ పార్టీ అభ్యర్థి 155.

ఓ మాజీ విదేశాంగ మంత్రి నడిపే పార్టీ మహా పిచ్చోళ్ల పార్టీ కంటే వెనకబడింది, అదీ సగానికి సగం కూడా లేకుండా. పత్రికలకి ఇంకేం కావాలి. జూన్ మొదటివారంలోనే పార్టీని మూసేశారు.

నిజం చెప్పాలంటే ఆ పార్టీ అప్పటికే మంచం మీద ఉంది, సభ్యులు లేరు, డబ్బు లేదు. సచ్ లేకపోయినా పోయేదే. కానీ 155 ఓట్లతో నలుగురితోపాటు మామూలుగా ఓడితే ఎలాగోలా సర్దిచెప్పుకోవచ్చు, చిరుత మచ్చల కోటు వెనకాల నిలబడితే చెప్పుకోవడానికి ఏముంది? ఈయన మొత్తం చిట్టాలో దేశ రాజకీయాన్ని తాకిన అంకె ఏదైనా ఉంటే అది ఈ 418 ఒక్కటే.

ఆయన ఓట్లు చీల్చడం వల్ల ఎవరైనా ఓడారా?

పైన చెప్పిన ప్రసిద్ధ పోటీల్లో ఎక్కడా గెలిచినవాడి మెజారిటీ కన్నా ఆయన ఓట్లు ఎక్కువ లేవు. అన్నిటికంటే దగ్గరగా వచ్చింది పెన్‌రిత్, మెజారిటీ 552, సచ్ 412.

ఓట్లు చీల్చడంలో అసలు మొనగాడు రిచర్డ్ హగెట్ అనే ఇంకొకాయన. 1994 యూరోపియన్ ఎన్నికల్లో ‘లిటరల్ డెమోక్రాట్’ అని బ్యాలెట్ మీద వేయించుకున్నాడు. లిబరల్ డెమోక్రాట్ అనుకుని 10,203 మంది గుద్దేశారు, అసలు లిబరల్ డెమోక్రాట్ 700 ఓట్ల తేడాతో ఓడాడు. మన దగ్గర ప్రధాన అభ్యర్థి పేరే ఉన్న ఇంకొకణ్ని వెతికి తెచ్చి నిలబెట్టడం గుర్తొస్తోందా? ఆ గొడవల ఫలితమే 1998 పార్టీల రిజిస్ట్రేషన్ చట్టం. రెంటికీ తేడా ఒకటుంది, సచ్‌కి ఓటేసినవాడు ఎవరికి వేస్తున్నాడో తెలిసే వేశాడు.

ఆయన మేనిఫెస్టోలో కొన్ని తర్వాత చట్టాలయ్యాయంటారు?

కొన్ని అయ్యాయి. 18 ఏళ్లకి ఓటు: 1969 చట్టంతో వచ్చింది. ప్రైవేటు రేడియో: 1973లో మొదలైంది (1964లోనే సచ్ థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట వదిలేసిన పాత సైనిక కోట మీదకెక్కి ‘రేడియో సచ్’ అని దొంగ స్టేషన్ నడిపాడు). పబ్బులు మధ్యాహ్నం మూసెయ్యకుండా రోజంతా తెరవడం: 1988. పెంపుడు జంతువులకి పాస్‌పోర్టు: 2000లో, ఆయన పోయాక.

ఇవన్నీ ఆయన వల్లే వచ్చాయని పార్టీవాళ్లు చెప్పుకుంటారు. నేను నమ్మను. ఓటు వయసు తగ్గించమని చాలామంది అడుగుతున్నారు, ఈయన గట్టిగా అరిచి అడిగాడు. మిగిలిన హామీల్లో యూరప్‌లో పేరుకుపోయిన వెన్న కొండని మంచు మీద జారే మైదానం చెయ్యాలన్నది ఒకటి, అది ఇంకా పెండింగులోనే ఉంది. గుత్తాధిపత్యాన్ని అరికట్టే కమిషన్ దేశంలో ఒక్కటే ఎందుకుంది అని అడిగేవాడు, దానికీ ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆయన గానీ, పార్టీ గానీ ఎప్పుడైనా గెలిచారా?

ఆయన ఎప్పుడూ లేదు. పార్టీ మాత్రం గెలిచింది. ఆయన సహచరుడు అలన్ హోప్ 1987లో డెవన్‌లోని యాష్‌బర్టన్ టౌన్ కౌన్సిల్‌కి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు, ఎందుకంటే ఎదురు ఎవరూ నిలబడలేదు. ఆ తర్వాత ఊరికి మేయర్ కూడా అయ్యాడు.

చివరి పోటీ ఎప్పుడు?

1997 నవంబర్ 20, విన్‌చెస్టర్. ఆ ఏడాది మేలో అక్కడ లిబరల్ డెమోక్రాట్ మార్క్ ఓటెన్ కేవలం 2 ఓట్ల తేడాతో గెలిచాడు. ఓడినాయన కోర్టుకెళ్లి ఎన్నిక రద్దు చేయించుకున్నాడు, మళ్లీ పోలింగ్ పెడితే ఈసారి ఓటెన్ 21,556 ఓట్ల తేడాతో గెలిచాడు. కోర్టుకెళ్లి మరీ తన్నించుకోవడం అంటే ఇదే. సచ్‌కి 316.

మరి 1997 సార్వత్రిక ఎన్నికల్లో ఎందుకు లేడు?

వాళ్లమ్మ. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. ఆమెంటే ఆయనకి ప్రాణం. టీవీలో కనిపించే ఆ నవ్వు వెనక చాలా ఏళ్లుగా డిప్రెషన్ ఉంది, అమ్మ పోయాక అది ఇంకా ముదిరింది. 1999 జూన్ 16న ఆయన చనిపోయాడు, ఆత్మహత్య అని కరోనర్ (అసహజ మరణాల మీద విచారణ చేసే అధికారి) తేల్చారు. 58 ఏళ్లు. అప్పటికి బ్రిటన్‌లో ఎక్కువకాలంగా పార్టీ నాయకుడిగా ఉన్నది ఆయనే. పదహారేళ్లలో థాచర్, మేజర్, కిన్నక్, యాష్‌డౌన్ అందరూ తమ పార్టీల నాయకత్వం నుంచి దిగిపోయారో దిగిపోతున్నారో, ఈయనని దించడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించలేదు.

ఆయన తర్వాత పార్టీ ఏమైంది?

నాయకత్వ ఎన్నికలో ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయని ఇద్దరినీ కలిపి నాయకులుగా ప్రకటించారు: అలన్ హోప్, ఆయన పిల్లి క్యాట్‌మాండు. పిల్లి 2002లో చనిపోయింది, అప్పట్నుంచి హోప్ ఒక్కడే నడిపాడు. పార్టీ ఇప్పటికీ ఉపఎన్నికలు వస్తే దిగుతూనే ఉంది. 2019 ఆగస్టులో వేల్స్‌లోని బ్రెకన్ అండ్ రాడ్నర్‌షైర్ ఉపఎన్నికలో ‘లేడీ లిలీ ద పింక్’ అనే పేరుతో నిలబడిన వాళ్ల అభ్యర్థికి 334 ఓట్లొచ్చాయి. యూరోపియన్ యూనియన్‌ని వదిలెయ్యాలంటూ దేశాన్ని బ్రెగ్జిట్ రిఫరెండం దాకా నెట్టిన యూకిప్ పార్టీకి అదే చోట 242.